ఏడు మిల్లీమీటర్ల మీద నమ్మకం

(డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ స్మారకోపన్యాస పాఠం)

1978 జులై 25న ఇంగ్లండ్‌లోని ఓల్డ్‌హామ్ ఆసుపత్రిలో లూయీ బ్రౌన్ పుట్టింది. ప్రపంచంలో తొలి టెస్ట్ ట్యూబ్ బేబీ. సరిగ్గా పది వారాలకు, అక్టోబరు 3న, కలకత్తాలో మరో ఆడపిల్ల పుట్టింది. దసరా రోజులు కావడంతో పాపకు దుర్గ అన్న పేరు స్థిరపడింది. ఇద్దరు తల్లులకూ ఫెలోపియన్ నాళాలు దెబ్బతిన్నాయి. ఇద్దరి అండాలూ శరీరం బయట ఫలదీకరణ చెందాయి. పైకి చూస్తే ఒకే కథ రెండుసార్లు జరిగినట్టుంటుంది. నిజానికి రెండు బృందాలకూ ఒకే అడ్డంకి ఎదురైంది, దాన్ని రెండు వేరు దారుల్లో తప్పించుకున్నాయి. ఆ అడ్డంకి అండంలో లేదు, వీర్యకణంలోనూ లేదు. పిండం వెళ్లి అతుక్కోవలసిన గర్భాశయ లోపొరలో ఉంది.

ఓల్డ్‌హామ్ బృందంలో శస్త్రవైద్యుడు పాట్రిక్ స్టెప్టో, శాస్త్రవేత్త రాబర్ట్ ఎడ్వర్డ్స్, ల్యాబ్ బాధ్యత మోసిన జీన్ పర్డీ ఉన్నారు. వాళ్లు మొదట ఎవరికైనా తోచే పనే చేశారు. హార్మోన్ ఇంజక్షన్లిచ్చి ఎక్కువ అండాలు పక్వమయ్యేలా చూశారు. పిండాలు చక్కగానే తయారయ్యాయి, గర్భాశయంలో పెడితే మాత్రం నిలవలేదు. ఇంజక్షన్లు తీసుకున్న నెలలో అండం విడుదలయ్యాక ఉండవలసిన రెండో సగం కుదించుకుపోతోందని గమనించారు. దాన్ని నిలబెట్టడానికి మందులిచ్చినా లాభం లేకపోయింది. చివరికి ఇంజక్షన్లనే వదిలేశారు. శరీరం తనంతట తాను నెలకు ఇచ్చే ఒక్క అండం కోసం కాపు కాశారు. అది విడుదలయ్యే వేళ పసిగట్టడానికి విడుదలకు ముందు పెరిగే ఎల్‌హెచ్ హార్మోన్‌ను మూత్రంలో రాత్రనక పగలనక కొలిచారు. లూయీ పుట్టింది ఆ ఒక్క అండం నుంచే.

కలకత్తాలో సుభాష్ ముఖోపాధ్యాయ ఇంజక్షన్లు మానలేదు. క్రయోబయాలజీ తెలిసిన సునీత్ ముఖర్జీ, గైనకాలజిస్టు సరోజ్ కాంతి భట్టాచార్య ఆయనకు తోడు. మందులతో అండాలు పక్వం చేసి, యోని మార్గంలో చిన్న కోతతో వాటిని తీసి, ఫలదీకరణ చేయించి, ఎనిమిది కణాల పిండాన్ని డీఎంఎస్‌ఓ అనే రసాయనం రక్షణలో గడ్డకట్టించారు. 53 రోజులు దాచారు. మందుల తాకిడి పూర్తిగా తగ్గి, లోపొర తన మామూలు పద్ధతికి వచ్చిన తర్వాతి నెలసరిలో ఆ పిండాన్ని గర్భాశయంలో పెట్టారు. ఎడ్వర్డ్స్ లోపొరను కాపాడడానికి అండాల సంఖ్యను వదులుకుంటే, ముఖోపాధ్యాయ అండాలు ఉంచుకుని కాలాన్ని విడగొట్టారు. పిండం తయారయ్యే నెల ఒకటి, అది వెళ్లి చేరే నెల మరొకటి. ఇప్పుడు హైదరాబాద్‌లోనో విజయవాడలోనో సంతాన సాఫల్య కేంద్రానికి వెళ్తే ‘ఈ నెల ఫ్రీజ్ చేద్దాం, వచ్చే నెల ట్రాన్స్‌ఫర్’ అంటున్నారే, ఆ పద్ధతి అదే.

ఆయనకు దక్కిన బహుమానం అందరికీ తెలిసిందే కనుక ఇక్కడ సాగదీయనక్కర్లేదు. రాష్ట్ర ప్రభుత్వం నియమించిన విచారణ సంఘానికి రేడియో భౌతిక శాస్త్రవేత్త ఒకరు అధ్యక్షులు. సంఘం ఆయన మాట నమ్మలేదు. జపాన్‌లో సదస్సుకు వెళ్తానంటే అనుమతి రాలేదు. ఆఖరికి కంటి వైద్య సంస్థకు బదిలీ చేశారు. 1981 జూన్ 19న ఆయన ఆత్మహత్య చేసుకున్నారు. తపన్ సిన్హా 1990లో తీసిన ‘ఏక్ డాక్టర్ కీ మౌత్’కు ప్రేరణ ఈ జీవితమే. 1986లో బొంబాయిలో ఇందిరా హిందుజాతో కలిసి దేశపు తొలి టెస్ట్ ట్యూబ్ బేబీని తెచ్చిన ఖ్యాతి టి.సి. ఆనంద్ కుమార్‌ది. ఆ ఆనంద్ కుమారే ముఖోపాధ్యాయ రాతప్రతులు చదివి, ఆ గౌరవం తనది కాదు, ఆయనదని 1997లో ‘కరెంట్ సైన్స్’ పత్రికలో రాశారు. తన పేరు ముందున్న ‘తొలి’ అనే మాటను తన చేత్తోనే కొట్టేసుకోవడం విజ్ఞాన రంగంలో తరచుగా కనిపించే పని కాదు.

ఈ సంవత్సరపు ఉపన్యాసానికి లోపొరను విషయంగా ఎంచుకోవడానికి కారణం ఆ 53 రోజులే.

గర్భాశయం లోపలి గోడను కప్పి ఉంచే ఈ పొరను వైద్యులు ఎండోమెట్రియం అంటారు. చికిత్స కోసం తిరిగే ఆడవాళ్లందరి నోటా ఉన్న మాట మాత్రం ‘లైనింగ్’. ఇందులో రెండు అంతస్తులు. కండరానికి అతుక్కుని ఉండే అడుగు పొర శాశ్వతం. దాని మీది పొర ప్రతి నెలా పెరుగుతుంది, గర్భం రాకపోతే నెలసరి రక్తంతో పాటు రాలిపోతుంది. అడుగు పొర నుంచి మళ్లీ మొలుస్తుంది. నెలసరి ఆగే వేళకు రెండు మూడు మిల్లీమీటర్లుండే లైనింగ్, అండాశయం నుంచి వచ్చే ఈస్ట్రోజెన్ వల్ల పది పన్నెండు రోజుల్లో ఎనిమిది, పది, ఒక్కోసారి పన్నెండు మిల్లీమీటర్లకు చేరుతుంది. అప్పుడు స్కానింగ్‌లో మూడు గీతలుగా కనిపిస్తుంది. అండం విడుదలయ్యాక ప్రొజెస్టెరాన్ అనే మరో హార్మోన్ రంగంలోకి దిగుతుంది. అది వచ్చాక పొర మందం కంటే స్వభావం మారడమే ముఖ్యం. గ్రంథులు వంకర్లు తిరిగి స్రవించడం మొదలుపెడతాయి, కణాలు పిండాన్ని పట్టుకునే అణువుల్ని పైకి తెస్తాయి. అండం విడుదలైన ఐదారు రోజుల తర్వాత కొద్ది రోజులపాటే పిండం అతుక్కోగల స్థితి ఉంటుంది. ఆ గడువు దాటితే ఎంత మంచి పిండమైనా వెనుదిరగవలసిందే.

ఈ గడువు ఊహ కాదు. అమెరికాలో అలెన్ విల్‌కాక్స్ బృందం గర్భం కోసం ప్రయత్నిస్తున్న ఆడవాళ్ల మూత్రాన్ని రోజూ సేకరించి పరీక్షించింది. 1999లో వెలువడిన ఆ పరిశోధనలో, నిలిచిన గర్భాల్లో 84 శాతం అండం విడుదలైన ఎనిమిది, తొమ్మిది, పది రోజుల్లో అతుక్కున్నవే. తొమ్మిదో రోజులోపు అతుక్కున్న వాటిలో తొలి వారాల్లోనే పోయినవి 13 శాతం. పదో రోజున 26, పదకొండో రోజున 52, ఆ తర్వాతైతే 82 శాతం. ఆలస్యంగా వచ్చిన పిండాన్ని గర్భాశయం రానివ్వకపోవడమే కాదు, వచ్చినా నిలవనివ్వదని ఈ అంకెలు చెబుతున్నాయి. సుశ్రుతుడి కాలం నుంచీ మనవాళ్లు గర్భాశయాన్ని క్షేత్రమని, వీర్యాన్ని బీజమని అన్నారు. పోలిక అందంగా ఉన్నా, ఒక విషయంలో తప్పుదారి పట్టిస్తుంది. పొలం ఏ విత్తనాన్నైనా తీసుకుంటుంది. ఈ పొర తీసుకోదు. పిండంతో రసాయన సంభాషణ జరిపి, నచ్చనిదాన్ని తిప్పికొడుతుంది.

ఇంజక్షన్లు ఏం చెడగొడతాయో ఇప్పుడు అర్థమవుతుంది. ఒక్క అండానికి బదులు పది పన్నెండు పెరిగితే ఈస్ట్రోజెన్ ఎన్నో రెట్లవుతుంది. కొందరిలో అండాలు తీయకముందే ప్రొజెస్టెరాన్ పాకడం మొదలుపెడుతుంది. లోపొర తొందరపడి ముందుకెళ్లిపోతుంది. పిండం మాత్రం తన వేగంతోనే పెరుగుతుంది. ఐదో రోజు పిండానికి ఎదురయ్యేది ఏడో రోజు లోపొర.

స్కానింగ్ గదిలో ఇదంతా ఒక అంకెగా మారిపోతుంది. ‘ఆరున్నరే వచ్చింది, ఈ నెల వద్దు’ అనే మాట విని బయటికొచ్చి ఏడ్చిన ఆడవాళ్లు ప్రతి కేంద్రంలోనూ ఉంటారు. ఏడు మిల్లీమీటర్లనే గీత ఎక్కడి నుంచి వచ్చింది? దాని వెనక నిజం లేకపోలేదు. 2014లో డచ్ పరిశోధకులు 10,724 కేసులను కలిపి లెక్కించారు. లైనింగ్ ఏడు లేదా అంతకన్నా తక్కువ ఉన్న చోట గర్భం వచ్చింది 23 శాతం మందికి, ఎక్కువ ఉన్న చోట 48 శాతం మందికి. ఈ తేడా పెద్దదే. అయితే ఆ పదివేల పైచిలుకు కేసుల్లో అంత పల్చని లైనింగ్ ఉన్నవి 2.4 శాతమే. మన కేంద్రాల్లో ‘లైనింగ్ సమస్య’ అని విన్నవాళ్ల సంఖ్యకు, ఈ 2.4 శాతానికి పొంతన కుదరదు.

కెనడాలో 2018లో నలభై వేలకు పైగా చికిత్సలను పరిశీలించిన అధ్యయనం మరికొంత స్పష్టత ఇచ్చింది. గడ్డకట్టించిన పిండాలు పెట్టినప్పుడు, లైనింగ్ ఎనిమిది దాటిన వారిలో బిడ్డ పుట్టింది 28.4 శాతం మందికి. ఏడుకు, ఎనిమిదికి మధ్య ఉన్నవారిలో 27.4 శాతం. దాదాపు సమానం. ఆరు నుంచి ఏడు మధ్య 23.7, ఐదు నుంచి ఆరు మధ్య 15 శాతం. అంటే కిందికి దిగేకొద్దీ అవకాశం తగ్గుతుంది, కానీ గోడ కట్టినట్టు ఎక్కడా ఆగిపోదు. నాలుగు మిల్లీమీటర్ల దగ్గర గర్భం నిలిచిన కేసులూ వైద్య పత్రికల్లో ఉన్నాయి. ఒకే లైనింగ్‌ను ఇద్దరు కొలిస్తే అర మిల్లీమీటరు తేడా రావడం మామూలు. 6.8 వచ్చిందని నెల రద్దు చేసి, 7.1 వచ్చిందని సంబరపడడంలో శాస్త్రం కంటే భయమే ఎక్కువ. ఏడు అనేది చర్చ మొదలుపెట్టాల్సిన చోటు. తీర్పు చెప్పే చోటు కాదు.

మందులే లైనింగ్‌ను పల్చబరిచే సందర్భం ఒకటుంది. అండం విడుదల కోసం దశాబ్దాలుగా వాడుతున్న క్లోమిఫీన్ శరీరంలోని ఈస్ట్రోజెన్ గ్రాహకాలను అడ్డుకుంటుంది. అండాశయం పని చేస్తుంది, కానీ లోపొరకు అందాల్సిన ఈస్ట్రోజెన్ సందేశం అందదు. లెట్రోజోల్ మరో దారిలో పనిచేస్తుంది కనుక ఆ ఇబ్బంది తక్కువ. ఈ లెట్రోజోల్‌ను సంతానలేమి చికిత్సలో వాడకూడదని 2011 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం నిషేధించింది. 2014లో అమెరికాలో, అండం విడుదల క్రమం తప్పే పీసీఓఎస్ ఉన్న 750 మంది ఆడవాళ్ల మీద జరిగిన పరీక్షలో బిడ్డ పుట్టినవారు లెట్రోజోల్‌తో 27.5 శాతం, క్లోమిఫీన్‌తో 19.1 శాతం. ప్రపంచం దాన్ని మొదటి మందుగా ఎంచుకుంటున్న కాలంలో మన దేశంలో అది నిషిద్ధం. 2017లో నిషేధం ఎత్తేశారు. లైనింగ్ పల్చబడిందని ఏడ్చినవాళ్లలో ఎంతమంది ఆ ఆరేళ్లలో క్లోమిఫీన్ మింగారో ఎవరూ లెక్క పెట్టలేదు.

వయసు పెరిగితే లైనింగ్ కూడా ముసలిదవుతుందా? అండం విషయంలో వయసు నిర్దాక్షిణ్యంగా ఉంటుంది. లోపొర విషయంలో అంత కాదు. 1990లో అమెరికాలో మార్క్ సోవర్ బృందం దాత అండాలతో నలభై దాటినవారికి గర్భం నిలపవచ్చని చూపించింది. మనకు దగ్గరి ఉదాహరణ గుంటూరు. 2019 సెప్టెంబరు 5న అక్కడ తూర్పు గోదావరి జిల్లా నేలపర్తిపాడుకు చెందిన 74 ఏళ్ల మహిళ సిజేరియన్ ద్వారా కవల ఆడపిల్లలకు జన్మనిచ్చింది. నెలసరి ఆగిపోయి ఎన్నో ఏళ్లయింది. దాత అండం, భర్త వీర్యం, ఆమె గర్భాశయం. హార్మోన్లు ఇస్తే ఎండిపోయిన లోపొర మళ్లీ మేల్కొంది. ఆ చికిత్స చేయవచ్చా అంటే చేయకూడదనే చెప్పాలి. గుండెకు, రక్తనాళాలకు ఆ వయసులో అది మోయలేని భారం, పిల్లల పెంపకం మాట సరేసరి. వైద్య సంఘాలు అప్పుడే తప్పుబట్టాయి. సంతాన సాఫల్య చికిత్సలను నియంత్రించడానికి 2021లో వచ్చిన ఏఆర్‌టీ చట్టం ఆడవాళ్లకు 50, మగవాళ్లకు 55 ఏళ్ల హద్దు పెట్టింది. కానీ శరీర శాస్త్రానికి ఆ ఘటన చెప్పిన సంగతి మాత్రం నిలిచి ఉంది. నలభై రెండేళ్ల మనిషికి పదే పదే చికిత్స విఫలమైతే మొదట అనుమానించాల్సింది అండాన్ని. లైనింగ్‌ను కాదు.

అలాగని లోపొరకు జబ్బులే రావని కాదు. వస్తాయి, వాటిలో కొన్నిటిని మన దేశంలో ఆలస్యంగా గుర్తిస్తారు. అన్నిటికన్నా ముందు చెప్పాల్సింది క్షయ. ఊపిరితిత్తుల నుంచి రక్తం ద్వారా వెళ్లిన క్షయ క్రిములు మొదట ఫెలోపియన్ నాళాల్లో మకాం వేస్తాయి. సగం కేసుల్లో అక్కడి నుంచి లోపొరకు దిగుతాయి. దగ్గు ఉండదు, జ్వరం ఉండదు. నెలసరి రానురాను తగ్గిపోవడం ఒక్కటే కొందరిలో గుర్తు. పెళ్లై ఏళ్లు గడిచినా కడుపు పండలేదని వచ్చేదాకా సంగతి బయటపడదు. లోపొర అడుగు భాగం దెబ్బతిని గోడలు ఒకదానికొకటి అతుక్కుపోతే, ఆరు నెలల మందులతో క్రిములు చస్తాయి గానీ పోయిన పొర తిరిగి రాదు.

ఇక్కడ వ్యతిరేక దిశలోనూ ఒక తప్పు జరుగుతోంది. లోపొర ముక్కలో క్రిములు చాలా తక్కువగా ఉంటాయి కనుక సూక్ష్మదర్శినికి, కల్చర్‌కు దొరకడం కష్టం. అందుకని పీసీఆర్ పరీక్ష చేస్తున్నారు. అది బతికున్న క్రిమినీ, చచ్చిన క్రిమి అవశేషాన్నీ వేరు చేసి చెప్పలేదు. నెలసరి బాగుండి, నాళాలు తెరుచుకుని, గర్భాశయంలో ఏ మచ్చా లేని యువతికి ఒక్క పీసీఆర్ కాగితం చూసి ఆరు నెలల క్షయ మందులు రాయడం సరైనదేనా అని నిపుణుల్లోనే గట్టి వాదన ఉంది. ముప్పై ఏడేళ్ల వయసులో ఆరు నెలలంటే చిన్న కాలం కాదు.

రెండోది ఆషర్‌మన్ సిండ్రోమ్. 1894లో హైన్‌రిఖ్ ఫ్రిట్ష్ మొదట వర్ణించినా, 1948లో వివరంగా రాసిన జోసెఫ్ ఆషర్‌మన్ పేరే నిలిచింది. గర్భస్రావం తర్వాతో, కాన్పులో మాయ ముక్క మిగిలిపోతేనో గర్భాశయాన్ని గీకి శుభ్రం చేస్తారు. గీకుడు లోతుగా పోతే అడుగు పొర ఊడిపోతుంది. అడుగు పొర లేకపోతే ఎంత ఈస్ట్రోజెన్ పోసినా పైపొర మొలవదు. గర్భాశయంలోకి కెమెరా గొట్టం పంపే హిస్టరోస్కోపీతో అతుకులను విడదీయవచ్చు. తేలికపాటి కేసుల్లో ఫలితం బాగుంటుంది, తీవ్రమైనవి మళ్లీ అతుక్కుంటాయి. ‘డీ అండ్ సీ చేయించుకుందాం, ఒక పూటలో అయిపోతుంది’ అని ఇళ్లలో తేలిగ్గా అనుకునే పనికి ఇంత పర్యవసానం ఉండొచ్చు.

లోపొర మీద చిన్న కండల్లా పెరిగే పాలిప్‌ల సంగతి ఇంతకన్నా ఆశాజనకం. మాడ్రిడ్‌లో 2005లో పెరెజ్ మెదీనా బృందం పాలిప్ ఉన్న 215 మందిని రెండు గుంపులుగా విడదీసింది. ఒక గుంపుకు పాలిప్ తీసేసి, మరో గుంపుకు తీయకుండా, రెండు గుంపులకూ ఐయూఐ (వీర్యాన్ని నేరుగా గర్భాశయంలోకి పంపడం) చేసింది. గర్భం వచ్చినవారు మొదటి గుంపులో 63 శాతం, రెండో గుంపులో 28. గర్భాశయ కుహరంలోకి పొడుచుకొచ్చిన ఫైబ్రాయిడ్, నాళంలో నీరు చేరి లోపలికి కారడం కూడా సరిచేయదగినవే. తక్కువ స్థాయి వాపు దీర్ఘకాలం ఉండిపోతే ప్లాస్మా కణాలు కనిపిస్తాయి, వాటిని సీడీ138 రంగుతో గుర్తించి డాక్సీసైక్లిన్ వంటి యాంటీబయాటిక్ ఇస్తారు. ఇవన్నీ కంటికో సూక్ష్మదర్శినికో కనిపించే జబ్బులు.

కనిపించని జబ్బుకు చికిత్స అమ్మడంతోనే చిక్కు మొదలవుతుంది.

లైనింగ్‌ను ముందుగా కాస్త గీకితే పిండం బాగా అతుక్కుంటుందనే ఆలోచన చరిత్ర ఆసక్తికరంగా ఉంటుంది. 1907లో లియో లోబ్ గినీ పందుల గర్భాశయాన్ని గీకి, అక్కడ గర్భం వచ్చినప్పటిలాంటి మార్పు కలగడం చూశాడు. దాదాపు వందేళ్ల తర్వాత, 2003లో, ఇజ్రాయెల్‌లో బరాష్ బృందం 134 మంది ఆడవాళ్ల మీద ఆ పని చేసి చూసింది. బిడ్డ పుట్టినవారు గీకినవారిలో 48.9 శాతం, గీకనివారిలో 22.5 శాతం. రెట్టింపు! వార్త పాకింది. ప్రపంచమంతా ఐదు నిమిషాల పని, కాస్త నొప్పి, అదనపు బిల్లు. పదేళ్లకు పైగా ఇలాగే నడిచింది. చివరికి న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ నుంచి సారా లెన్సెన్, సిండీ ఫర్కర్ బృందం ఐదు దేశాల్లో 1364 మందిని చేర్చుకుని, ఎవరిని గీకాలో లాటరీ మీద నిర్ణయించి లెక్క తేల్చింది. 2019లో ఫలితం వచ్చింది. బిడ్డ పుట్టినవారు గీకినవారిలో 26.1 శాతం. గీకనివారిలో 26.1 శాతం. దశాంశం దగ్గర కూడా తేడా లేదు.

లోపొర పిండానికి ఎప్పుడు సిద్ధమవుతుందో చెబుతామనే ఈఆర్ఏ పరీక్షదీ ఇంచుమించు ఇదే గతి. వాలెన్సియాలో కార్లోస్ సిమోన్ బృందం 2011లో 238 జన్యువుల చురుకుదనాన్ని కొలిచి, ఒక్కొక్క స్త్రీకి లోపొర సిద్ధమయ్యే గంట వేరుగా ఉంటుందని, దాన్ని కనిపెట్టవచ్చని చెప్పింది. శాస్త్రంగా అది చక్కని పని. కానీ చికిత్సగా? 2022లో అమెరికాలో 767 మంది మీద జరిగిన పరీక్షలో ఈఆర్ఏ చెప్పిన గంట ప్రకారం పిండం పెడితే 58.5 శాతం, మామూలు సమయానికి పెడితే 61.9 శాతం మందికి బిడ్డ పుట్టింది. పరీక్ష కోసం ఒక నెల పోవడం, లోపొర ముక్క తీయడం, ఖర్చు, అన్నీ అదనం. వయాగ్రాలోని సిల్డెనాఫిల్‌ను యోనిలో పెట్టడం, జీసీఎస్ఎఫ్ అనే మందు ఎక్కించడం, సొంత రక్తం నుంచి పీఆర్పీ (ప్లేట్‌లెట్లు ఎక్కువగా ఉన్న ప్లాస్మా) తీసి గర్భాశయంలోకి పంపడం ముందుగా నలుగురైదుగురు ఆడవాళ్ల అనుభవంతోనే ప్రచారంలోకి వచ్చాయి. నిజంగా పల్చని లైనింగ్ ఉండి మరో దారి లేనివారి విషయంలో పీఆర్పీని ప్రయత్నంగా, ప్రయత్నమని చెప్పి వాడితే అభ్యంతరం ఉండక్కర్లేదు. అందరికీ ప్యాకేజీలో కలిపి ఇవ్వడం వేరు.

ముఖోపాధ్యాయ పేరున జరిగే సభలో ఈ మాట కాస్త ఘాటుగానే అనాలి. ఆయన రుజువులు పట్టుకుని తిరిగితే చదివే నాథుడు లేడు. ఇవాళ రుజువు లేని పద్ధతులు రంగు బ్రోచర్లతో ఇంటికొస్తున్నాయి. బ్రిటన్‌లో ఈ చికిత్సలను నియంత్రించే హెచ్ఎఫ్ఈఏ, ఒక్కొక్క అదనపు పద్ధతికి ఎంత రుజువుందో రంగులతో సూచించి అందరికీ తెలిసేలా పెడుతుంది. మన ఏఆర్‌టీ చట్టం కూడా చికిత్స లాభనష్టాలు, విజయావకాశాలు, ఖర్చు ముందే వివరించాలని కేంద్రాలను ఆదేశిస్తోంది. ఆ వివరణను కాగితం మీద అడిగి తీసుకునే దంపతులు మాత్రం అరుదు. అప్పు చేసి వచ్చినవాళ్లకు డాక్టరుగారిని ఎదురు ప్రశ్నించే ధైర్యం ఎక్కడిది?

మరి లైనింగ్ వల్లే విఫలమయ్యే కేసులు నిజంగా ఎన్ని? దీనికి దగ్గరగా వచ్చిన జవాబు 2021లో పిర్తియా బృందం ఇచ్చింది. క్రోమోజోములు సరిగ్గా ఉన్నాయని పరీక్షించిన పిండాలను ఒక్కొక్కటిగా, నాలుగు వేలకు పైగా ఆడవాళ్లకు పెట్టి, మూడు ప్రయత్నాల దాకా అనుసరించారు. మూడో ప్రయత్నం ముగిసేసరికి 95 శాతం మందిలో పిండం నిలిచింది. వాళ్లందరి గర్భాశయాల్లో కనిపించే లోపాలు ముందే లేవని గుర్తుంచుకోవాలి. అంత మంచి పిండాలు తయారుకానివారు ఆ లెక్కలోకే రాలేదు. ఆ మేరకు ఈ అంకెను దించుకుని చదవాలి. అయినా సారాంశం మారదు. పిండం బాగుండి, గర్భాశయంలో జబ్బు లేకపోతే, లోపొర మొండికేయడం అరుదు. రెండుసార్లు విఫలమైన మనిషికి ‘మీ లైనింగే పిండాన్ని తోసేస్తోంది’ అని చెప్పడం చాలాసార్లు అబద్ధం. పైగా తప్పు తన ఒంట్లోనే ఉందనే భారం అత్తవారింట్లో ఆమె ఒక్కతే మోయాల్సి వస్తుంది. భర్త వీర్యం సంగతి, పిండం క్రోమోజోముల సంగతి తెర వెనకే ఉండిపోతాయి.

ముఖోపాధ్యాయ ఆలోచన, అంటే పిండాన్ని దాచి తర్వాత పెట్టడం, పెద్ద పరీక్షలకు నిలబడిందా? ఆస్ట్రేలియాలో ట్రౌన్సన్, మోర్ 1983లో గడ్డకట్టించిన పిండంతో గర్భం వచ్చిందని ప్రకటించాకే ప్రపంచం ఆ దారి పట్టింది. 2016లో చైనాలో 1508 మంది పీసీఓఎస్ ఉన్న ఆడవాళ్ల మీద వెంటనే పెట్టడాన్నీ, దాచి పెట్టడాన్నీ పోల్చి చూశారు. వెంటనే పెట్టినవారిలో 42 శాతం మందికి, దాచి పెట్టినవారిలో 49.3 శాతం మందికి బిడ్డ పుట్టింది. అండాశయాలు ఉబ్బి ప్రాణం మీదికి తెచ్చే ఓహెచ్ఎస్ఎస్ 7.1 శాతం నుంచి 1.3కు దిగింది. ఆయన ఊహ నెగ్గినట్టే. కానీ 2018లో వియత్నాంలో పీసీఓఎస్ లేని 782 మంది మీద చేస్తే తేడా కనిపించలేదు. అండాలు మరీ ఎక్కువగా వచ్చేవారికి, ప్రొజెస్టెరాన్ ముందే పాకినవారికి దాచడం మేలు. మిగతావారికి అది ఆనవాయితీ కానక్కర్లేదు.

చైనా పరీక్షలోనే మరో అంకె ఉంది, అప్పట్లో దాన్ని చాలామంది పట్టించుకోలేదు. గర్భంలో బీపీ పెరిగే ప్రీఎక్లాంప్సియా వెంటనే పెట్టినవారిలో 1.4 శాతం, దాచి పెట్టినవారిలో 4.4 శాతం. దానికి కారణం పిండాన్ని గడ్డకట్టించడం కంటే, లోపొరను సిద్ధం చేసే పద్ధతి కావచ్చని తర్వాతి పరిశోధనలు చూపుతున్నాయి. చాలా కేంద్రాలు అండం విడుదలను ఆపి, మాత్రలతో ఈస్ట్రోజెన్, ఆపైన ప్రొజెస్టెరాన్ ఇచ్చి లైనింగ్ పెంచుతాయి. తేదీ ముందే ఖాయం చేసుకోవచ్చు, ఆదివారం రాకుండా చూసుకోవచ్చు. కేంద్రానికి సౌకర్యం. అయితే అండం విడుదల కాకపోతే దాని చోట ఏర్పడే కార్పస్ లూటియం ఉండదు. అది ప్రొజెస్టెరాన్‌తో పాటు రిలాక్సిన్ వంటివి కూడా వదిలి తల్లి రక్తనాళాలను గర్భానికి సిద్ధం చేస్తుంది. మాత్రలలో అవి లేవు. 2019లో వెలువడిన ఒక అధ్యయనంలో ప్రీఎక్లాంప్సియా మాత్రల పద్ధతిలో 12.8 శాతం, సహజంగా అండం విడుదలైన నెలలో పిండం పెట్టినవారిలో 3.9 శాతం.

గర్భం వచ్చే అవకాశాలు రెండు పద్ధతుల్లోనూ ఇంచుమించు ఒకటే. కనుక నెలసరి క్రమంగా వచ్చేవారు సహజ చక్రంలోనే పిండం పెట్టమని అడగవచ్చు, దానికి నాలుగైదు స్కానింగులు, ఒక ఎల్‌హెచ్ పరీక్ష ఎక్కువవుతాయి. నెలసరి తప్పుతూ వచ్చే పీసీఓఎస్ వారికి లెట్రోజోల్‌తో అండం విడుదల చేయించి, ఆ చక్రంలో పెట్టవచ్చు. మాత్రల పద్ధతి తప్పనివారు, ముఖ్యంగా దాత అండాలతో గర్భం ధరించేవారు, నెలలు నిండేదాకా బీపీ మీద కన్నేసి ఉంచాలి. తక్కువ మోతాదు ఆస్పిరిన్ పన్నెండో వారం నుంచి అవసరమా అని ట్రాన్స్‌ఫర్ రోజునే డాక్టరుతో మాట్లాడుకోవాలి.